చిక్కీకి ఒక దారి, పట్టుచీరకు ఇంకొకటి: సీమలో ఆన్‌లైన్ షాపుకు ఏ ప్లాట్‌ఫామ్?

ఆన్‌లైన్ షాపు పెట్టాలనుకున్నవాళ్లు మొదట అడిగేది "షాపిఫై మంచిదా, వూకామర్స్ మంచిదా?" అని. మొదటిది నెలనెలా అద్దెకు దొరికే రెడీమేడ్ ఆన్‌లైన్ షాపు, రెండోది మన సొంత సైటు మీద ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. దానికి ముందు తేలాల్సినవి మూడున్నాయి. సరుకు ఎలాంటిది, ఖర్చులన్నీ పోను ఒక ఆర్డరు మీద చేతికి ఎంత మిగులుతుంది, పార్శిల్ తిరిగొస్తే ఆ నష్టం ఎవరు మోస్తారు. అనంతపురంలో వేరుశనగ చిక్కీ చేసేవాళ్లకూ, ధర్మవరం పట్టుచీరలు అమ్మే షాపుకూ, కర్నూలు సోనా మసూరి బస్తాలు పంపే మిల్లుకూ ఈ మూడు జవాబులు ఒకటి కావు. అందుకే ఒకరికి కలిసొచ్చిన ప్లాట్‌ఫామ్ ఇంకొకరికి చేతి చమురు వదిలిస్తుంది.

బియ్యం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 25 కిలోల బస్తాను కొరియర్‌లో పంపితే రవాణా ఖర్చే లాభాన్ని మింగేస్తుంది. బియ్యానికి వెబ్‌సైట్ కన్నా వాట్సాప్ కేటలాగ్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, హైదరాబాద్‌లో ఒక పంపిణీదారు ఉంటే చాలు. అరకిలో, కిలో ప్యాకెట్లలో పోయే చిరుధాన్యాలు, పొడులు, చిక్కీలు, నిప్పట్లు, ఇటు చీరలు, తోలుబొమ్మల దీపపు గొడుగులు లాంటి వాటికే అసలు ఎంపిక చిక్కు.

ముందు సరిహద్దు సంగతి

అనంతపురం సరుకుకు సహజమైన మార్కెట్ బెంగళూరు. కర్నూలుకు హైదరాబాద్. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి, రెండూ రెండు వందల చిల్లర కిలోమీటర్లే, రెండూ పక్క రాష్ట్రాల్లోనే. కడపవాళ్లకు తిరుపతి రాష్ట్రంలోనే దొరికినా చెన్నై, బెంగళూరు ఆర్డర్లు వదులుకోలేరు. సీమ వ్యాపారికి జీఎస్టీ మెలిక పడేది ఇక్కడే.

వస్తువులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే. అయితే ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పన్ను పడే సరుకు సరిహద్దు దాటితే మొదటి పార్శిల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. చేనేత, హస్తకళల సరుకుకు షరతులతో కొన్ని మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో ఆడిటర్‌తో తేల్చుకోండి. టర్నోవర్ మీద తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్న షాపులకు ఇంకా ఇబ్బంది. ఆ స్కీములో ఉంటూ రాష్ట్రం బయటికి అమ్మకూడదు. ఊళ్లో పాతికేళ్లుగా నడుస్తున్న కొట్లు చాలావరకు ఇందులోనే ఉంటాయి. వెబ్‌సైట్ తెరిచి బెంగళూరు ఆర్డరు తీసుకున్నాక ఈ విషయం తెలిస్తే వెనక్కి వెళ్లడం కష్టం.

రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దనుకుంటే దారి లేకపోలేదు. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌ల ద్వారా సొంత రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు. సొంత సైటయితే షిప్పింగ్ జోన్‌లో, అంటే సరుకు పంపే ప్రాంతాల్లో, ఆంధ్రప్రదేశ్‌ను మాత్రమే పెట్టండి. షాపిఫైలోనూ వూకామర్స్‌లోనూ జోన్‌ను రాష్ట్రాల వారీగా ఎంచుకోవచ్చు. మిగతా రాష్ట్రాలకు ఏ షిప్పింగ్ పద్ధతీ ఇవ్వకపోతే అక్కడి చిరునామాతో చెకౌట్ పూర్తి కాదు. వూకామర్స్‌లో "మిగతా ప్రదేశాలు" అనే జోన్ ఒకటి అట్టడుగున తనంతట తానే ఉంటుంది. దాంట్లో పొరపాటున ఏ పద్ధతైనా చేరిస్తే దేశమంతటికీ తలుపు తెరుచుకున్నట్టే. దాన్ని ఖాళీగా వదలండి.

రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఇంకో పని. పన్నును రాష్ట్రం లోపల సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా)గా విడగొట్టి, బయటికైతే ఐజీఎస్టీగా వేసి బిల్లు రావాలి. షాపిఫై పంపే ఆర్డర్ ఈమెయిల్ జీఎస్టీ బిల్లు కాదు, దానికి వేరే యాప్ పెట్టాలి. వూకామర్స్‌లో ఆర్డర్ నంబర్లు వరసగా రావు. 101 తర్వాత 108, ఆ తర్వాత 133 అని గెంతుతాయి. ఎందుకంటే పేజీలకూ ఫోటోలకూ ఆర్డర్లకూ లోపల ఒకే సంఖ్యల వరస నడుస్తుంది. జీఎస్టీ నియమం ప్రకారం బిల్లు నంబరు వరసగా, 16 అక్షరాలు మించకుండా ఉండాలి. కాబట్టి బిల్లులకు విడిగా నంబరిచ్చే ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) తప్పదు. ఏడాది చివర ఆడిటర్ అడిగినప్పుడు కాదు, మొదటి రోజే పెట్టుకోవాలి.

చిక్కీ లెక్క

తక్కువ ధర సరుకులో ప్లాట్‌ఫామ్ అద్దె కన్నా కొరియర్ శ్లాబు ముఖ్యం. కొరియర్లు తూకం అరకిలో మెట్లలో లెక్కేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే ఘనపరిమాణ తూకం, త్రాసు మీది తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. సరిగ్గా కిలో చిక్కీ కడితే డబ్బా, అట్టపెట్టె కలిసి కిలో దాటి ఒకటిన్నర కిలో మెట్టులో పడుతుంది. నికర తూకం 850 గ్రాములు చేసి, 25, 18, 11 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే ఘనపరిమాణ తూకం 990 గ్రాములు. కిలో మెట్టులోనే నిలుస్తుంది. ఎత్తు 11 బదులు 15 ఉన్న పెట్టె దొరికిందని అందులో సర్దితే 1,350 గ్రాములు అవుతుంది, మెట్టు మారిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల గాలికి కట్టే డబ్బు అది.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు నమూనాకే, మీ రేట్లు వేసి మళ్లీ చేయండి. 850 గ్రాముల డబ్బా ధర 480 రూపాయలు. అందులో 5 శాతం జీఎస్టీ 23 రూపాయల దాకా. శనక్కాయలు, బెల్లం, కూలి, డబ్బా, పెట్టె కలిసి 300. కొరియర్ 90. ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును మీ ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వేకు 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 11 రూపాయల చిల్లర. ఇవన్నీ పోను మిగిలేది 56 రూపాయలు. షాపిఫై పేమెంట్స్ మన దేశంలో లేదు కాబట్టి బయటి గేట్‌వే వాడక తప్పదు. అందుకు బేసిక్ ప్లాన్‌లో షాపిఫై విడిగా 2 శాతం తీసుకుంటుంది. ఆ 9 రూపాయల 60 పైసలు పోతే 46.

షాపిఫై బేసిక్ అద్దె నెలనెలా కడితే రెండు వేల దరిదాపుల్లో ఉంటుంది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుంది. రెండు వేలను 46తో భాగిస్తే, నెలలో మొదటి 44 డబ్బాల లాభం అద్దెకే పోతుంది. వూకామర్స్‌కు హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ అద్దె), డొమైన్ (సైటు పేరు) కలిపి నెలకు 400 పడుతుందనుకుంటే 8 డబ్బాలు. ఇంతవరకు చూస్తే వూకామర్స్‌దే గెలుపు. కానీ ఆ 400లో సైటు చూసుకునే మనిషి కూలి లేదు. ఆ సంగతి కింద వస్తుంది.

ఇంకా పెద్ద చిల్లు క్యాష్ ఆన్ డెలివరీ. "ఇంట్లో లేరు", "వద్దన్నారు" అని పార్శిల్ తిరిగొస్తే పోను 90, రాను ఇంచుమించు అంతే. నూట డెబ్బై, నూట ఎనభై రూపాయలు పోగొట్టుకుంటే నాలుగు మంచి ఆర్డర్ల లాభం తుడిచిపెట్టుకుపోయినట్టు. పైగా ఎండల్లో పది రోజులు లారీల్లో తిరిగొచ్చిన బెల్లం చిక్కీ మళ్లీ అమ్మే స్థితిలో ఉండదు. తిండి సరుకుకు క్యాష్ ఆన్ డెలివరీ అసలు పెట్టొద్దన్నదే మా మాట. పెట్టాల్సి వస్తే పిన్‌కోడ్ వారీగా ఆపే వీలున్న ప్లాట్‌ఫామ్ చూడండి. అనంతపురం 515001, కడప 516001, కర్నూలు 518001 లాంటి టౌను పిన్‌కోడ్లకు ఇచ్చి, దూరపు పల్లెలకు ఆపేయొచ్చు. ఇది రెండు ప్లాట్‌ఫామ్‌లలోనూ యాప్‌తోనో ప్లగిన్‌తోనో అవుతుంది. యాప్ అద్దెను కూడా పై లెక్కలో కలుపుకోండి. ఒక్కొక్క యాప్ చవకగానే కనిపిస్తుంది, నాలుగు చేరేసరికి తడిసి మోపెడవుతుంది.

నెలకు నలభై డబ్బాలు కూడా పోని దశలో రెండూ వద్దు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉచితం, 500 వస్తువుల దాకా పెట్టొచ్చు. దానికి ఒక పేమెంట్ లింకు, పలు కొరియర్లను ఒకేచోట బుక్ చేయించే అగ్రిగేటర్ ఖాతా ఒకటి తోడైతే బోణీకి సరిపోతుంది. రోజుకు ఐదారు ఆర్డర్లు దాటి, చాటింగ్‌లో ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తప్పిపోవడం మొదలైనప్పుడు ప్లాట్‌ఫామ్ గురించి ఆలోచించండి. ఓళిగల్లాగా రెండు మూడు రోజులకు మించి నిలవని వాటికైతే ఎప్పటికీ వాట్సాపే మేలు. ఈరోజు ఎన్ని చేస్తున్నారో చెప్పి, అన్నిటికే ఆర్డర్లు తీసుకుని ఆపేయొచ్చు.

తినే సరుకుకు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు మార్కెట్‌ప్లేస్ అయినా సొంత సైటయినా కావాలి. ప్యాకెట్ మీద ఉండే వివరాలు, అంటే తయారీదారు పేరు చిరునామా, నికర తూకం, ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, సైటులో ఆ వస్తువు పేజీలోనూ కనిపించాలి. తూనికలు కొలతల నియమం అది. చాలామంది ప్యాకెట్ వెనకవైపు ఫోటో ఒకటి పెట్టి ఊరుకుంటారు. అది ఫోన్‌లో చదవడానికి రాదు. అక్షరాల్లో రాయండి.

చీర సంగతి వేరు

చిక్కీ డబ్బా అయిపోతే ఇంకోటి చేస్తారు. ధర్మవరం చీరలో అదే రంగు, అదే అంచు, అదే కొంగు ఇంకోటి మగ్గం మీద ఉండకపోవచ్చు. స్టాకు ఒకటే. ఆ ఒక్క చీర షాపు అరలో ఉంది, వాట్సాప్ గ్రూపులో ఫోటో ఉంది, సైటులో ఉంది, మార్కెట్‌ప్లేస్‌లో కూడా ఉంది. నాలుగు చోట్ల ఒకే చీరను పెట్టడమే ఈ వ్యాపారంలో పెద్ద ప్రమాదం. తొమ్మిది వేలు కట్టిన వాళ్లకు "అమ్మా, అది అమ్ముడుపోయింది" అని చెబితే వాళ్లు మళ్లీ రారు.

అందుకని చీరలకు ప్లాట్‌ఫామ్ ఎంచేటప్పుడు అందం కాదు, స్టాకు లెక్కే చూడాలి. షాపు కౌంటర్‌లో బిల్లు కొట్టగానే సైటులో సున్నా అవ్వాలి. షాపిఫైలో కౌంటర్ బిల్లింగ్ యాప్ ఉంది, అదే స్టాకు నుంచి తీసేస్తుంది. వూకామర్స్‌కు ఇలాంటి ప్లగిన్లు దొరుకుతాయి గానీ, షాపులో ఇప్పటికే వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపాలంటే ప్రోగ్రామర్ కావాలి. ఇవేవీ వద్దనుకుంటే సులువైన పద్ధతి ఒకటుంది. ఆన్‌లైన్‌లో పెట్టిన చీరలను వేరే బీరువాలో పెట్టి తాళం వేయండి. కౌంటర్‌లో అడిగినా వాటిని చూపించకండి. మార్కెట్‌ప్లేస్‌లో పెట్టే చీరలు సొంత సైటులో పెట్టకండి. చాదస్తంగా కనిపిస్తుంది, కానీ పని చేస్తుంది.

రెండు ప్లాట్‌ఫామ్‌లలోనూ కార్ట్‌లో వేసుకున్నంత మాత్రాన చీర మీ పేరన ఆగదు. వూకామర్స్‌లో చెకౌట్ దాటి డబ్బు కట్టని ఆర్డరుకు స్టాకును ఆపి ఉంచే సమయం 60 నిమిషాలని ముందే పెట్టి ఉంటుంది. ఆ గంటా ఇంకొకరు కొనలేరు. గంట దాటాక ఆర్డరు రద్దయి చీర మళ్లీ అమ్మకానికి వస్తుంది. పెళ్లిళ్ల సీజనులో దీన్ని 15 నిమిషాలకు తగ్గించడం మంచిది. కానీ పూర్తిగా ఖాళీ చేస్తే చీరను ఆపి ఉంచడమే పోతుంది. ఒకరు డబ్బు కడుతుండగానే ఇంకొకరు అదే చీరకు ఆర్డరు పెట్టొచ్చు.

రుసుము లెక్క కూడా ఇక్కడ తారుమారు. 9,000 చీర మీద గేట్‌వేకు 212 రూపాయలు, షాపిఫై బేసిక్‌లో ఇంకో 180. నెలకు 20 చీరలు పోతే ఆ అదనపు రుసుమే 3,600. పై ప్లాన్‌లో ఇది 1 శాతానికి తగ్గుతుంది, అద్దె మాత్రం పెరుగుతుంది. రెండు ప్లాన్ల అద్దెల మధ్య తేడాను నూరుతో గుణించి చూడండి. తేడా 5,000 అయితే గేట్‌వే ద్వారా వచ్చే అమ్మకం నెలకు 5 లక్షలు దాటితేనే పై ప్లాన్ గిట్టుబాటు.

ఇంకో వెసులుబాటుంది. షాపిఫైలో మాన్యువల్ పేమెంట్ అనే పద్ధతి కింద బ్యాంకు ఖాతాకు నేరుగా పంపేలా, యూపీఐకి నేరుగా పంపేలా పెట్టుకోవచ్చు. క్యాష్ ఆన్ డెలివరీ కూడా ఇందులోకే వస్తుంది. వీటికి ఆ 2 శాతం పడదు. చీరల కొనుగోలుదారులు ఎలాగూ వీడియో కాల్‌లో చీర చూసి, ఫోన్‌లో మాట్లాడి, ఫోన్‌పేలో పంపే రకమే ఎక్కువ. వాళ్లకు ఇది సరిపోతుంది. డబ్బు వచ్చిందని చూసి ఆర్డరును చేత్తో ఖరారు చేయాలి. స్క్రీన్‌షాట్ చూసి సరుకు కదిలించకండి. బ్యాంకు ఖాతాలో జమ అయ్యాకే పార్శిల్ కట్టండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు చేతిలో ఉన్నవాళ్లు కర్నూలులోనూ ఉన్నారు, కోల్‌కతాలోనూ ఉన్నారు.

చీర పేజీలో మూడు ఫోటోలు తప్పనిసరి: కొంగు పూర్తిగా పరిచి, అంచు దగ్గరగా, సిల్క్ మార్క్ లేబుల్ చదవగలిగేలా. పగటి వెలుతురులో నీడపట్టున తీసింది ఒకటైనా ఉండాలి. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ ఒకలా, ఎండలో ఇంకోలా కనిపిస్తుంది. "రంగు తేడా" అని తిరిగొచ్చే చీరలకు మూలం ప్లాట్‌ఫామ్ కాదు, ఆ ట్యూబ్‌లైటే.

వూకామర్స్: ఉచితం అన్న మాట వెనక

వూకామర్స్ అనేది సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద ఎక్కించుకునే ఉచిత ప్లగిన్. 2011లో వచ్చింది, 2015 నుంచి ఆటోమ్యాటిక్ సంస్థ చేతిలో ఉంది. అమ్మకంలో వాటా అడగదు, అద్దె అడగదు. సర్వర్ మీది బాధ్యతంతా మీదే. చెడిపోయేది సాధారణంగా ఈ చోట్లే.

డబ్బు కట్ అయింది, ఆర్డరు మాత్రం "పేమెంట్ పెండింగ్" అని ఉంది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ఫిర్యాదు ఇదే. కొన్నవాళ్లు యూపీఐ యాప్‌లో డబ్బు పంపి, మళ్లీ బ్రౌజర్‌కు రాకుండా ఫోన్ పక్కన పడేస్తారు. సైటుకు కబురందదు. గేట్‌వే ఖాతాలో వెబ్‌హుక్ పెడితే గేట్‌వే సర్వరే నేరుగా మీ సైటుకు చెబుతుంది. ప్లగిన్ ఎక్కించి, గేట్‌వే ఇచ్చే తాళంచెవులు (ఏపీఐ కీలు) అతికించి, వెబ్‌హుక్ మరిచిపోవడం మామూలే. పైన చెప్పిన 60 నిమిషాల గడువు దీనికి తోడైతే డబ్బు కట్టిన ఆర్డరే రద్దయిపోతుంది, ఒక్క చీరే ఉన్నచోట అది ఇంకొకరికి అమ్ముడవుతుంది. సైటు తెరిచే ముందు ఒక రూపాయి వస్తువు పెట్టి, యూపీఐలో కట్టి, వెంటనే బ్రౌజర్ మూసేసి చూడండి. రెండు నిమిషాల్లో ఆర్డరు "ప్రాసెసింగ్"కు మారితే వెబ్‌హుక్ పనిచేస్తున్నట్టు.

సైటు వేగానికి పెట్టే, పేజీల కాపీలు దాచి చూపించే కాషింగ్ ప్లగిన్ ఇంకో చిక్కు. కార్ట్, చెకౌట్, ఖాతా పేజీలను దాని నుంచి మినహాయించకపోతే ఒకరి కార్ట్ ఇంకొకరికి కనిపించే ప్రమాదముంది. ఆర్డర్ ఈమెయిళ్లు సర్వర్ నుంచి నేరుగా పోతే స్పామ్‌లో పడతాయి. ఎస్ఎమ్‌టీపీ ప్లగిన్‌తో సరైన మెయిల్ ఖాతా ద్వారా పంపాలి.

ఫోటోల లెక్క చూడండి. మీరు ఎక్కించే ఒక్కో ఫోటోకు వర్డ్‌ప్రెస్, వూకామర్స్ కలిసి తొమ్మిది దాకా వేరు వేరు సైజుల కాపీలు చేస్తాయి. 300 చీరలు, చీరకు 6 ఫోటోలు, అసలుతో కలిపి ఒక్కోదానికి 10 ఫైళ్లు అంటే 18,000 ఫైళ్లు. చవక హోస్టింగులో జాగా మిగిలే ఉన్నా ఫైళ్ల సంఖ్యకు విడిగా పరిమితి ఉంటుంది. అది నిండితే కొత్త ఫోటో ఎక్కదు, ఆర్డర్ మెయిల్ కూడా ఆగిపోవచ్చు. అమ్ముడైన చీరల ఫోటోలు మూడు నెలలకోసారి తీసేయాలి. హోస్టింగ్ రేటు చూసేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర అడగండి. బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంచితే సర్వర్‌తోపాటే పోతుంది. వేరేచోట ఉంచండి.

ఈ పనులకు నెలకు రెండు మూడు పూటలు కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే వూకామర్స్ తీసుకోండి. బీటెక్ చదివిన అబ్బాయో అమ్మాయో ఉంటే సరిపోతుంది. ఎవరూ లేకపోతే షాపిఫై అద్దె కట్టడమే చవక. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట. ఉచితమని వూకామర్స్ ఎక్కించుకుని, అప్‌డేట్లు చేయక, ఏడాదికి హ్యాకై, కేటలాగంతా మళ్లీ కట్టుకునే బదులు ఆ అద్దె నయం.

షాపిఫైలో సెట్ చేయాల్సినవి

సర్వర్ గొడవ లేదు. చెకౌట్ సెట్టింగులో ఫోన్ నంబరు తప్పనిసరి కాదని ఉంటే మార్చండి. ఫోన్ లేని పార్శిల్‌ను కొరియర్ డెలివరీ చేయలేడు. మన చిరునామాలు "రామాలయం వెనక, పాత బోరింగ్ పక్కన" అనే తీరులో ఉంటాయి కాబట్టి రెండో చిరునామా గడిని గుర్తు కోసం వాడమని రాయండి. సీజను సరుకు అమ్మేవాళ్లు, ఉదాహరణకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి మామిడి పెట్టెలు పంపేవాళ్లు, ఏడాది ప్లాన్ జోలికి పోకండి. నెలనెలా కట్టి, పంట అయిపోయాక తక్కువ రేటుకు షాపును ఆపి ఉంచే సౌకర్యం వాడుకోండి.

ఇన్‌స్టామోజో, దుకాణ్ లాంటి దేశీ వేదికలు పేమెంట్‌నూ షాపునూ ఒకచోటే ఇస్తాయి. పది ఇరవై రకాల పొడులకు చాలు. జోహో కామర్స్‌ను, ఇప్పటికే జోహో బుక్స్‌లో జీఎస్టీ లెక్కలు రాసేవాళ్లే చూడాలి. బిల్లుల తలనొప్పి అక్కడ బాగా తగ్గుతుంది. మెజెంటో పేరు ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి. అది పెద్ద కంపెనీల సరంజామా.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో

వీటిలో కొనేవాళ్లు ఉంటారు, వాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం మీవి కావు. రెండోసారి కొనాలన్నా మీ పేరు వెతకరు, "గ్రౌండ్‌నట్ చిక్కీ" అని వెతుకుతారు. మీషోలో కమిషన్ లేదన్నది నిజం, కానీ తక్కువ ధరల పోటీ, తిరుగు పార్శిళ్లు ఉంటాయి. చేనేత పట్టుచీరను అక్కడ పెడితే పక్కనే పవర్‌లూమ్ చీర ఏడెనిమిది వందలకు కనిపిస్తుంది. ఫోటోలో తేడా తెలియదు, నష్టం చేనేతకే. అమెజాన్‌లో ప్రధాన ఫోటోకు తెల్లటి నేపథ్యం, జూమ్ చేసి చూసే వీలుండాలంటే పొడవైన వైపు కనీసం 1,000 పిక్సెళ్లు, ఫ్రేములో 85 శాతం సరుకే కనిపించడం అవసరం.

మార్కెట్‌ప్లేస్ మీకు డబ్బు వేసే ముందు జీఎస్టీ టీసీఎస్ 0.5 శాతం, ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం పట్టుకుంటుంది. 2024లో రెండూ తగ్గి ఈ స్థాయికి వచ్చాయి. అవి పోయిన డబ్బు కాదు, లెక్కల్లో తిరిగి వస్తాయి. ఆడిటర్‌కు ప్రతి నెలా ఆ నివేదిక ఇవ్వకపోతే మాత్రం పోయినట్టే. చీరలు తిరిగొచ్చినప్పుడు పెట్టెలో వేరే చీర ఉండటం కొత్తేమీ కాదు. ప్యాక్ చేసేటప్పుడు చీర నంబరు, లేబుల్, తూకం ఒకే వీడియోలో ఆపకుండా తీయండి. తిరిగొచ్చిన పెట్టె విప్పేటప్పుడూ అలాగే. వీడియో లేని ఫిర్యాదును పట్టించుకునేవాళ్లు అరుదు.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళలో చేసే దీపపు గొడుగుల లాంటి వాటికి మార్కెట్‌ప్లేస్ రవాణా రేటు ముందే చూసుకోండి. 40, 40, 50 సెంటీమీటర్ల పెట్టెకు ఘనపరిమాణ తూకం 16 కిలోలు. లోపలి గొడుగు రెండు కిలోలు కూడా తూగకపోవచ్చు. మడిచి, ఫ్రేము విడదీసి పంపే నమూనా తయారు చేస్తేనే ఆన్‌లైన్‌లో నిలబడుతుంది. గోడకు తగిలించే బొమ్మలు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు.

తెలుగు పేర్లతో వచ్చే తిప్పలు

వస్తువు పేరు తెలుగులో పెట్టండి, మంచిదే. కానీ పేజీ చిరునామాను ఇంగ్లిషు అక్షరాల్లో ఇవ్వండి. తెలుగు అక్షరం చిరునామాలో శాతం గుర్తులతో తొమ్మిది గుర్తుల పొడవు సాగుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి ఇచ్చే చోటు 200 గుర్తులు. అంటే 22 అక్షరాలు, అదీ గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కేస్తే. "ధర్మవరం పట్టుచీర నెమలి అంచు" అన్న పేరు చివరి మాట దగ్గర తెగిపోతుంది. వాట్సాప్‌లో ఆ లింకు పంపితే చదవలేని గుర్తుల తోక వేలాడుతుంది, నొక్కడానికి జనం జంకుతారు.

బిల్లుల పీడీఎఫ్ చేసే ప్లగిన్లలో చాలావాటికి తెలుగు ఫాంటు ఉండదు. వస్తువు పేరు చోట ఖాళీ పెట్టెలు వస్తాయి, ఫాంటు ఎక్కించినా ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. బిల్లు కోసం ఇంగ్లిషు పేరు కూడా ఒకటి ఉంచుకోండి. కొరియర్ లేబుల్ మీద చిరునామా కూడా ఇంగ్లిషులోనే ఉంటే దారిలో చదివేవాళ్లకు సుఖం.

డబ్బు కట్టే ముందు

ఏ ప్లాట్‌ఫామ్ అయినా ఉచిత గడువులో ఐదు వస్తువులు పెట్టి, ఖరీదైన ఫోన్‌లో కాకుండా పది వేల లోపు ఫోన్‌లో, మొబైల్ డేటాతో తెరిచి చూడండి. ఆర్డరు పెట్టండి, రద్దు చేయండి, రీఫండ్ ఇవ్వండి. రీఫండ్ ఇచ్చినా చాలా గేట్‌వేలు తమ రుసుము వెనక్కి ఇవ్వవు, ఆ సంగతి ఒప్పందంలో చదవండి. యూపీఐకి ఎంత, కార్డుకు ఎంత అన్నది విడివిడిగా అడగండి. గేట్‌వే ఖాతా ఆమోదం పొందాలంటే సైటులో షరతులు, గోప్యత, రీఫండ్, షిప్పింగ్, సంప్రదింపు పేజీలు ఉండాలి. ఇవి లేక ఆగిపోయే దరఖాస్తులే ఎక్కువ. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, నంబరు కూడా సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇంటి వ్యాపారమైతే ఆ అధికారి మీరే.

చివరగా, వదిలి వెళ్లాల్సి వస్తే ఏం చేతికొస్తుందో ఇప్పుడే చూసుకోండి. వస్తువుల జాబితా సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా వస్తుంది. అందులో ఫోటోలు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. షాపు మూసేస్తే ఆ లింకులూ చెడిపోతాయి. కాబట్టి అసలు ఫోటోలు మీ దగ్గర హార్డ్ డిస్క్‌లో, చీర నంబరు పేరుతో ఉండాలి. కొనుగోలుదారుల పాస్‌వర్డులు కదలవు, వాళ్లు కొత్తగా పెట్టుకోవాల్సిందే. రివ్యూలు యాప్‌లో ఉంటే విడిగా దించుకోవాలి. పేజీల చిరునామాలు మారతాయి కాబట్టి పాతవాటి నుంచి కొత్తవాటికి తీసుకెళ్లే శాశ్వత మళ్లింపులు (301 అంటారు) పెట్టకపోతే గూగుల్‌లో సంపాదించుకున్న చోటు పోతుంది.

డొమైన్ మాత్రం ఎవరి పేరన ఉందో ఈరోజే చూడండి. సైటు కట్టే కుర్రాడు తన ఈమెయిల్‌తోనే డొమైన్ కొని, హోస్టింగ్ తీసుకుని, గేట్‌వే లాగిన్ కూడా తన దగ్గరే పెట్టుకోవడం సీమంతటా మామూలైపోయింది. అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక రెన్యువల్ నోటీసు అతనికే పోతుంది, మీ సైటు ఆగిపోతుంది. డొమైన్, హోస్టింగ్, షాపిఫై ఓనర్ ఖాతా, గేట్‌వే, వాట్సాప్ నంబరు, ఈ ఐదూ షాపు సొంత ఈమెయిల్, షాపు సొంత సిమ్ మీద ఉండాలి. కుర్రాడికి విడిగా స్టాఫ్ లాగిన్ ఇవ్వండి, దానితో అతని పనంతా అవుతుంది.